పెద్ద మూత

వంటవాడి చేయి ఊరికే ఉండదు. ఫ్యాక్టరీ క్యాంటీనులో ఇరవై రెండేళ్లుగా రోజూ మూడు వందల మందికి వండిన చేయి అది. పొయ్యి మీద ఏది ఉన్నా ఐదు నిమిషాలకోసారి మూత తీసి చూడందే తోచదు. "ఉడికేదాన్ని ఉడకనివ్వరా నాయనా!" అని అన్నయ్య ఎన్నిసార్లు నెత్తీనోరూ బాదుకున్నాడో లెక్కలేదు.

ఆ అన్నయ్య పోయి ఎనిమిది నెలలైంది. బస్సు డిపోలో మెకానిక్కు. సెలవు దొరికితే చాలు, మెడలో కెమెరా. చుట్టాలందరి ఫొటోలూ తీశాడు గానీ, తనదంటూ మిగిలింది డిపో కార్డు మీది బొమ్మ ఒక్కటే. అందులో పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉంటాడు. కానీ కెమెరాలో ఒక రీలు ఉండిపోయింది. దాంట్లో ఆఖరి ఫొటో వదిన తీసింది. "ఇక్కడ చూడు, ఇక్కడ నొక్కు" అని ఆయనే నేర్పి, వంటింటి తలుపుకు ఆనుకుని నవ్వాడట. మర్నాడు పొద్దున్నే గుండె ఆగిపోయింది. రీలు మొత్తంలో వదినకు కావలసింది ఆ ఒక్క నవ్వు.

ఫిల్ము కడిగే స్టూడియోలు ఎప్పుడో మూతపడ్డాయి. ఎక్కడికైనా పంపుదామంటే, దారిలో పోతే ఎలా అని వదినకు భయం.

"దానికేం వదినా, ఇంట్లో నేనే కడుగుతా" అన్నాడు వంటవాడు.

ఒక ముసలి ఫొటోగ్రాఫరు తన పాత స్టీలు డబ్బా ఇచ్చి, పద్ధతి చెప్పాడు. చీకట్లో ఫిల్మును తీగ చుట్టకు ఎక్కించి, డబ్బాలో పెట్టి, పెద్ద మూత బిగించాలి. ఆ తర్వాత లైటు వేసుకోవచ్చు. మందులు పోయడానికీ వంపడానికీ పెద్ద మూత నడుమ చిన్న మూత ఉంది, దాన్నే తీయాలి; అది తీసినా వెలుతురు లోపలికి పోదు. ముందు బొమ్మ తెప్పించే డెవలపర్, చివర దాన్ని నిలబెట్టే ఫిక్సర్. ఫిక్సర్ పని పూర్తయ్యేదాకా పెద్ద మూత జోలికి పోకూడదు; వెలుతురు తగిలితే ఫిల్ము నల్లబడిపోతుంది.

డెవలపర్‌కు ఇరవై డిగ్రీల వేడి, ఎనిమిది నిమిషాలు, నిమిషానికోసారి డబ్బా తిరగేయడం. "ఇంతేనా? దీనికంటే మా క్యాంటీను టీయే కష్టం" అని నవ్వాడు. చెప్పులకూ గిన్నెలకూ ఎదురింటి పిల్లికీ ఫొటోలు తీసి, ఒక రీలు కడిగి చూసుకున్నాడు. పిల్లి మీసాలతో సహా వచ్చింది. ఇక అతన్ని పట్టుకునేవాళ్లు లేరు.

ఆదివారం మధ్యాహ్నం బాత్రూములో తలుపు కింద తువ్వాలు కుక్కి, లైటు ఆపి, అన్నయ్య రీలు ఎక్కించాడు. మూత బిగించి లైటు వేశాడు. డెవలపర్ పోశాడు. తలుపు అవతల స్టూలు మీద వదిన, చేతిలో అన్నయ్య గడియారం.

"ఒకటి" అంది వదిన. తిరగేశాడు.

"రెండు."

మూడు, నాలుగు. నడుమ పనేమీ లేదు. లోపల అన్నయ్య నవ్వు వచ్చిందో లేదో, ఎంతవరకు వచ్చిందో అని ఒకటే ఆత్రం.

"ఐదు" అంది వదిన.

టప్పుమని మూత వచ్చింది. వంటవాడు డబ్బాలోకి తొంగి చూశాడు. బల్బు వెలుతురు నేరుగా చుట్ట మీద పడుతోంది. 'ఇంకాసేపు ఉంచాలి' అనుకున్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. అప్పుడు చూసుకున్నాడు తన చేతిలోకి. అది పెద్ద మూత.

మూత మళ్లీ నొక్కేశాడు. ఇరవై రెండేళ్ల అలవాటు మూడు సెకన్లలో ఇల్లు ముంచింది.

"ఏమిటా చప్పుడు?" అంది వదిన.

"ఏం లేదు వదినా. మగ్గు పడింది."

"ఆరు" అంది వదిన, కాసేపటికి.

మిగతాదంతా పద్ధతిగానే చేశాడు. చచ్చిన మనిషికి సేవ చేసినట్టు చేశాడు. ఫిక్సర్ వంపి, నీళ్లతో కడిగి, చుట్ట విప్పాడు. పైచుట్టు నల్లగా, బొగ్గులా ఉంది. ఆఖరి ఫొటో ఉండేది అక్కడే. విప్పుతున్నకొద్దీ నలుపు. వెలుతురు అంతగా అందని చుట్ట నడిమధ్యకు వచ్చాక, రీలు మొదట్లో తీసిన ఒక్క బొమ్మ మసక మసకగా మిగిలి ఉంది. అదేమిటో చూసే ధైర్యం లేక ఫిల్ము చేతపట్టుకుని బయటికి వచ్చాడు.

"ఫిల్ము పాతబడిపోయింది వదినా. మందు పట్టలేదు. ఒక్కటే మిగిలింది" అన్నాడు. అంతసేపూ లోలోపల కూర్చుకున్న మాటలే.

వదిన ఫిల్ము అందుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. నల్లటి భాగమంతా నెమ్మదిగా వేళ్ల మధ్య నడిపి, ఆ ఒక్క బొమ్మ దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. తర్వాత పక్కకు జరిగి, అతనికి చోటిచ్చింది.

నలుపు తెలుపై, తెలుపు నలుపై ఉన్నా పోల్చుకున్నాడు. క్యాంటీను పొయ్యి. పెద్ద గిన్నె. దాంట్లోకి తొంగి చూస్తున్న వంటవాడు, చేతిలో ఎత్తి పట్టుకున్న మూత. అన్నయ్య ఎప్పుడు తీశాడో కూడా తెలియదు.

కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"చప్పుడు విన్నాను అబ్బాయ్" అంది వదిన. "చెబుతావేమోనని చూస్తున్నాను."

అతను ఊచ వదిలి వదిన వైపు తిరిగాడు.

"మూత తీశాను వదినా."

వదిన ఫిల్ము మీంచి చూపు తిప్పలేదు.

"కనిపిస్తూనే ఉంది" అంది.