పెద్దవీధిలో పెద్దబూర

జకరయ్య పళ్లు నేను రాలగొట్టానని రాశారు. రాసింది స్టేషన్లో కుర్చీ వేసుకున్నవాళ్లు. రాయించింది పెద్దవీధి వాళ్లు. కింద సాక్షులుగా సంతకాలు చేసింది, ఆ రోజు అరుగుల మీద నిలబడి కళ్లారా చూసినవాళ్లు. ఊదుతూ ఊదుతూ జకరయ్య కాలు జారి పడ్డాడట, నేను వెళ్లి అతని మూతికి గుద్దుకున్నానట, పళ్లు ఊడి అతని చేతిలోకే వచ్చాయట. తండ్రి చేతుల్లోంచి అందుకున్న నాటి నుంచి నన్ను చంటిబిడ్డలా మోసిన మనిషిని నేను గుద్దానట. అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలంటారు. మీకు ఆ మాత్రం ఓపిక కూడా లేకపోయింది. ఇత్తడి కదా, నోరెత్తదులే అనుకున్నారు.

నేను ఒక బూరని. కొట్లో నా పేరు ట్యూబా. ఈదులమెట్టలో పెద్దబూర అంటారు. పెళ్లి బ్యాండులో అందరికంటే వెనక నడిచేది, అందరికంటే పొట్ట పెద్దది నేనే. పాట నాది కాదు. పాట క్లారినెట్టుది. చప్పట్లు డోలువి. నేను 'భోం' అంటాను, మళ్లీ 'భోం' అంటాను. జనం నన్ను చూసి నవ్వుతారు. నవ్వండి. నేను ఆగిన రోజున మీ పెళ్లికొడుకు గుర్రం కూడా అడుగు తప్పుతుంది.

నన్ను పుట్టించిందే దెబ్బలు. మీరట్‌లో ఒక ఇరుకు గల్లీలో ఇత్తడి రేకును మొద్దు మీద వేసి సుత్తులతో బాదారు. గొట్టం వంచేటప్పుడు నలిగిపోకుండా లోపల కాగిన తారు పోశారు. అది గడ్డకట్టాక వంచి, మళ్లీ నిప్పు మీద పెట్టి ఆ తారంతా కక్కించారు. కాబట్టి దెబ్బ అంటే ఏమిటో నాకు మీరు చెప్పనక్కర్లేదు. చేసేవాడి దెబ్బ వేరు, చెరిచేవాడి దెబ్బ వేరు. ఒకే ఇనుము, ఒకే ఇత్తడి, మోత మాత్రం వేరు.

మొదట పటాలం బ్యాండులో ఉన్నాను. చంపడానికి వెళ్లేవాళ్లకు అడుగు కలిపాను. పాతబడ్డాక మిషన్ బడికి ఇచ్చారు. అక్కడ పరలోకానికి వెళ్లేవాళ్లకు అడుగు కలిపాను. ఇద్దరూ ఒకటే నడక నడిచారు, నాకు తేడా తెలియలేదు. బడి మూతపడిన రోజు ఫాదరుగారు నన్ను ఈదులమెట్ట మాలపల్లె ఏలియా చేతుల్లో పెట్టారు. ఏలియా కొడుకు జకరయ్య.

ఈదులమెట్టలో పల్లె నుంచి చర్చికి వెళ్లాలన్నా, బస్సెక్కాలన్నా పెద్దవీధి దాటాలి. పల్లె పెళ్లి ఊరేగింపు ఆ వీధి మొదటికి రాగానే వాయిద్యాలు నోటి నుంచి దించాలి. తలలు వంచి, చెప్పుల చప్పుడు కూడా లేకుండా అవతలికి పోవాలి. మిగిలిన వాయిద్యాలకు దించితే చాలు. నాకు అది చాలదు. ఏలియా కాలంలో ఒకసారి నా మోతకి ఎవరిదో చూడిగేదె కడుపు పోయిందన్నారు. గేదెను దున్న పొడిచిందో, గడ్డిలో ఏం తిన్నదో ఎవరూ అడగలేదు. తీర్పు నా మీద పడింది. ఆనాటి నుంచి పెద్దవీధి మొదట్లో ఏలియా తన భుజం మీది తువ్వాలు తీసి నా గరాటు నోట్లో కుక్కాలి. అవతలి చివర తీయాలి. గాలికైనా నేను మూలగకూడదు. తండ్రి కుక్కాడు, తర్వాత కొడుకు కుక్కాడు. పొద్దున లేచి మొహం కడుక్కున్నంత మామూలుగా కుక్కాడు. అలవాటు అంటే అదే. ఇంకొకడు కట్టిన తాడుని మన మొలతాడు అనుకోవడం.

జకరయ్య భార్య మార్తమ్మకు నేనంటే సవతి పోరు. చింతపండుతో నన్ను తోమి తోమి నిగనిగలాడించి, "కట్టుకున్నది నన్నా దీన్నా, తేల్చి చెప్పు. ఆ మంచం మీద నా చోటు కూడా దీనికే ఇచ్చెయ్" అనేది. అతను నవ్వేవాడు. ఆ నవ్వులో ముందుపళ్లు తెల్లగా మెరిసేవి. ఆ పళ్లు గుర్తుంచుకోండి.

అప్పుడు సినిమావాళ్లు వచ్చారు. సినిమాలో ఊరేగింపు పాట ఒకటి ఉందట, దానికి మిషను మోత కాకుండా నిజం బ్యాండు కావాలట. బ్యాండంతా పట్నం వెళ్లాం. గోడలకి మెత్తటి దూది పరుపులు అతికించిన గది. మైకు తెచ్చి నా గరాటులో దూర్చారు. జకరయ్య ఊదాడు. యంత్రంలో విన్నాక అందరూ పడీపడీ నవ్వారు. మా క్లారినెట్టు మస్తాన్ వలీ కూడా ఆపుకోలేక, "అన్నా, నీ బూరకి అజీర్తి చేసింది" అన్నాడు. జకరయ్య నవ్వలేదు. పెద్దబూర తీసేసి మిషనుతో పెట్టుకుంటాం అన్నారు.

వద్దన్నది ఒక్కరే. శబ్దం పట్టే పనిలో ఉన్న హైమ. ఆ పిల్ల తన యంత్రం భుజాన వేసుకుని ఈదులమెట్ట వచ్చింది. పల్లెలో ప్రయత్నించింది. మా ఇళ్లు పొట్టివి, చుట్టూ బయలు. నా గొంతు లేచి, తగలడానికి ఏమీ దొరక్క పొలాల మీదుగా పోయింది. మైకు ఇంకా దగ్గర పెట్టమని జకరయ్య అంటాడు, దగ్గర పెడితే ఇంకా పాడవుతుంది. ఇద్దరికీ అంతు చిక్కలేదు. సాయంత్రం పెద్దవీధి మొదట్లో, ఎరువుల గోడౌను వెనక జకరయ్య ఊరికే ఒక స్వరం పట్టాడు. ఆ గోడ దాన్ని తిప్పి కొట్టింది. హైమ తల ఎత్తింది. జకరయ్య కూడా ఊదడం ఆపి గోడ వైపు చూశాడు.

నా గొంతు సంగతి ఇక్కడ చెప్పాలి. దీని కోసమే రక్తం కారింది. పెద్దబూర గొప్పగా పలికింది అని మీరు రికార్డు విని లొట్టలేస్తారే, అది బూర గొప్ప కాదు, మైకు గొప్ప అసలు కాదు. ముందు మనిషి కావాలి. గాలిని నా మీదికి విసిరేవాడు కాదు, పోసేవాడు. జకరయ్య పొత్తికడుపు నుంచి వెచ్చటి గాలిని, వరిమడికి నీళ్లు వదిలినట్టు వదులుతాడు. పెదవి బిగించడు. స్వరం ఎప్పుడు మొదలైందో తెలియదు, ఉన్నట్టుండి నేల మీద ఉంటుంది. పళ్లు ఆ పెదవికి వెనక గోడ. ఆ గోడ కదిలితే స్వరం కూలుతుంది. ఆ తర్వాత రాతి గోడ కావాలి. నా గరాటు ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. నేను పలికేది సగం. మిగతా సగం ఎత్తైన గోడలు పలకాలి, మైకు దూరంగా నిలబడి ఆ రెండూ కలిసిన చోట వినాలి. ఈదులమెట్టలో ఎత్తైన గోడలు ఒక్క పెద్దవీధికే ఉన్నాయి. వాటికి ఇటుక మోసింది పల్లె. ఏలియా మోశాడు. ఆ గోడలకు మా చేతులు పనికొచ్చాయి, మా చప్పుడు పనికిరాలేదు.

సినిమా మేనేజరు వెళ్లి, వీధిలో పాట పట్టుకుంటామని పెద్దవీధి పెద్ద వీరరాఘవులుతో మాట్లాడాడు. సినిమా అనేసరికి ఆయన మెత్తబడ్డాడు. మేడ మీద మైకు పెట్టుకోమన్నాడు, మజ్జిగ కూడా పంపించాడు. మధ్యాహ్నం ట్రాక్టర్లు ఆపించారు. జనం అరుగుల మీద చేరారు. హైమ వీధి అవతలి చివర మేడ మీద నిలబడి చెయ్యి ఊపింది.

బ్యాండు మొదలైంది. జకరయ్య ఊదాడు. హైమ చెవులకు పెట్టుకున్నవి తీసేసి మెట్లు దిగి పరుగున వచ్చింది.

"జకరయ్యగారూ, దీని నోట్లో ఏదో అడ్డం ఉంది."

జకరయ్య గరాటులోకి చూశాడు. తువ్వాలు. వీధిలో అడుగు పెట్టేటప్పుడు అతని చెయ్యి తనంతట తానే కుక్కేసింది. పాట పట్టడానికి వచ్చి, పాట గొంతులో గుడ్డ పెట్టుకుని ఊదాడు. తండ్రీ కొడుకుల చేతులు తప్ప లోకంలో ఏ చేతులూ చెయ్యని పొరపాటు అది.

"ఇదెందుకు పెట్టారు?" అంది హైమ. ఆమెకు ఏమీ తెలియదు.

"మా నాయన పెట్టాడమ్మా."

"ఎందుకు?"

మస్తాన్ వలీ దగ్గరికి వచ్చి, "అన్నా, ఉండనీ. ఇట్టాగే కానిచ్చి పోదాం" అన్నాడు మెల్లగా. జకరయ్య ఆ గుడ్డ కొస పట్టుకున్నాడు. పీకాడు. దులిపాడు. భుజం మీద వేసుకున్నాడు. పెద్దవీధిలో పల్లె మనిషి భుజం మీద తువ్వాలు. అరుగుల మీద మజ్జిగ తాగుతున్నవాళ్ల గ్లాసులు పెదవుల దగ్గరే ఆగిపోయాయి.

అతను ఊదాడు. నేను పుట్టిన తర్వాత అలా పలకడం అదే మొదలు. నా గొంతు రెండు వైపులా గోడలెక్కింది. కిటికీ ఊచలు జుమ్మన్నాయి. ఎవరి ఇంట్లోనో అటక మీది బిందె దొర్లింది. ఏలియా మోసిన ప్రతి ఇటుకా పలికింది.

"ఒరే జకరయ్యా," అన్నాడు వీరరాఘవులు. "గుడ్డ ఎవరు తియ్యమన్నార్రా నిన్ను?"

జకరయ్య ఆపలేదు. పొగరు కాదు. ఊపిరిని మధ్యలో తుంచడం అతనికి చేతకాదు. వీరరాఘవులు తమ్ముడు గోడ వార ఉన్న గడ్డపార అందుకున్నాడు. మొదటి దెబ్బ నాకు. గరాటు అంచు లోపలికి వంగిపోయింది. నేను అరిచిన అరుపు గోడలు కూడా అరిచాయి. జకరయ్య నన్ను నోటి నుంచి దించి, నేల మీద కూర్చుని, ఒడిలో వాల్చుకుని, వంగి ఆ సొట్ట నిమిరాడు. నిమురుతూనే తల ఎత్తకుండా అన్నాడు:

"ఊపిరాడట్లేదంటండి దీనికి. అందుకని తీశా."

రెండో దెబ్బ అతని మూతి మీద. పెదవి చీలింది. రక్తం నా మీద వెచ్చగా పడింది. విరిగిన పన్ను ఒకటి ఎదురుగా ఉన్న నా గరాటులో పడి, దొర్లి, గొట్టం వంపులోకి జారింది. ఆ చప్పుడు చిన్నది, గాజుగోలీ చప్పుడంత. తర్వాత కర్రలు దిగాయి. డోలు చర్మం చీల్చారు, మస్తాన్ వలీ వేళ్లు తొక్కారు. హైమ మేడ వైపు పరిగెత్తింది. మేడ మీద యంత్రం తిరుగుతూనే ఉంది, ఆ మాటనీ ఆ దెబ్బల్నీ పట్టుకుంటూ.

ఇప్పుడు లెక్క చూడండి. బూర నోట్లో ఉన్నవాడు మాట్లాడగలడా? రెండు దెబ్బల మధ్య జకరయ్య మాట ఉంది. అంటే రెండో దెబ్బప్పుడు నేను అతని నోటి దగ్గర లేను. నన్ను ముద్దాయిని చేసినవాళ్లారా, ఆ ఒక్క వాక్యం మిమ్మల్ని ఉరి తీస్తుంది. అందుకే సినిమావాళ్లు దాన్ని కత్తిరించారు.

పాట బయటికొచ్చింది. నా స్వరం మొత్తం ఉంచుకున్నారు, గడ్డపార తగిలే చోట కోశారు. జనం ఊగిపోయారు. ఆ ట్యూబా ఏ దేశానిదో, వాయించిందెవరో అని టీవీలో ఆశ్చర్యపోయారు. జకరయ్య పేరు ఎక్కడా లేదు. పెదవికి కుట్లు వేసుకుని ఇంట్లో కూర్చున్న మనిషి మార్తమ్మ సెల్‌ఫోన్లో ఆ పాట పెట్టుకున్నాడు. అందులో క్లారినెట్టు వినబడింది, డోలు వినబడింది. నేను లేను. అంత చిన్న డబ్బా నోట్లో నా గొంతు పట్టదు. తన స్వరం తనకే వినబడలేదు.

ఇదంతా నాకెలా తెలుసంటారా? మార్తమ్మ స్టేషనుకు వస్తూనే ఉంటుంది, నన్ను ఇమ్మని. నేను ఉన్నది స్టేషన్ వెనక గదిలో, మెడలో చీటీతో, నేరానికి వాడిన వస్తువుగా. కిందటిసారి ఆమె కానిస్టేబుల్‌తో చెబుతుంటే విన్నాను. వీరరాఘవులు మేనకోడలి పెళ్లికి పెద్దవీధిలో గుడిసెలంతేసి డీజే బాక్సులు పెట్టారట. ఆ పాటే వేశారట. వీధి వీధంతా ఎగిరిందట. జకరయ్య గోడౌను పక్కన నిలబడి మొదటిసారి తన స్వరం తాను విన్నాడట.

"మా ఆయన నోరు పగలగొట్టిన వీధిలోనే మా ఆయన ఊపిరికి గంతులేశారయ్యా," అంది మార్తమ్మ. "వాళ్ల గేదెలు బానే ఉన్నాయా, కనుక్కో."

కానిస్టేబుల్ నా గది తలుపు దగ్గరికి వేశాడు.

హైమ కూడా ఒకసారి వచ్చింది. కొయ్యని రికార్డు తన దగ్గర ఉందంది. ఆ శబ్దం సినిమా కంపెనీ ఆస్తి, కంపెనీ చేత రాయించుకురా అని స్టేషన్‌వాళ్లు పంపేశారు. మళ్లీ రాలేదు. వాయిదా దగ్గర పడుతోంది. ఆ రికార్డు వినబడకపోతే జకరయ్య పళ్లు జకరయ్యే విరగ్గొట్టుకున్నట్టు తేలుతుంది. పైగా పెద్దవీధిలో గొడవ చేశాడని శిక్ష కూడా అతనికే.

హైమా, భయపడుతున్నావు. తెలుసు. భయపడుతూనే రా. నువ్వు పట్టిన శబ్దం కంపెనీది కావచ్చు, ఆ ఊపిరి కంపెనీది కాదు. కోసిన చోటి నుంచి మొదలుపెట్టి కోర్టులో వినిపించు. జడ్జిగారూ, సెల్‌ఫోన్లో వినకండి, పెద్ద బాక్సులు పెట్టించి వినండి. పాటకు గంతులేసినవాళ్లారా, మీరూ వచ్చి కూర్చుని మిగతా సగం వినండి. దానికీ అడుగు వెయ్యగలరేమో చూద్దాం.

అంతకంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. ఈ గదిలో ఎలుకలు ఎక్కువ. నాలో గూడు పెట్టకుండా కానిస్టేబుల్, నాతో పాటు పట్టుకొచ్చిన ఆ నెత్తురు తువ్వాలే మడిచి మళ్లీ నా నోట్లో కుక్కాడు. గొట్టం వంపులో జకరయ్య పన్ను ఇంకా ఉంది. ఊదే వైపు కంతలో పన్ను పట్టదు. ఊదుతూ పడ్డవాడి పన్ను గరాటు వైపు నుంచి లోపలికి ఎలా వచ్చిందో ఒక్కడూ అడగలేదు, చూడలేదు. ఎవరైనా సరే, ఇవాళే రండి. నా నోట్లో గుడ్డ పీకండి. నన్ను తలకిందులు చేసి, గట్టిగా ఊపండి.