ఎర్ర దీపం చేసిన ఘనకార్యం

ఖమ్మంలో బస్సు దిగగానే డాక్టర్ హాతీరాంకు ఎదురైన మొదటి మనిషి హాతీరామే. పన్నెండడుగుల ఫ్లెక్సీలో నల్లకోటు వేసుకుని నవ్వుతున్నాడు. ఆ కోటు ఎవరిదో! కింద 'క్వాంటం లోకాన్ని గెలిచిన మన తండా బిడ్డ' అని రాశారు.

ఆ గెలుపు ఉత్తదేనని అతను వారం కిందటే ఒప్పుకున్న సంగతి ఇక్కడ ఎవరికీ తెలీదు.

వేంసూరు దగ్గరి తండాలో పుట్టిన హాతీరాం, బెంగళూరులో వెలుతురును నలుసు నలుసుగా లెక్కపెట్టే యంత్రం కట్టాడు. మన దేశంలో ఆ పనికి చెయ్యి పెట్టినవాళ్లు తక్కువైన రోజులవి. 2005లో యంత్రం, పాత సూత్రం చెప్పే లెక్కకంటే ఎక్కువ నలుసులు చూపించింది. ఎనిమిది నెలలు చూసి, ప్రకృతి రహస్యమేదో తనకే చిక్కిందనుకుని, వ్యాసం రాశాడు. పేపర్లలో ఫోటోలు పడ్డాయి. ఒకరోజు యంత్రం మీది చిన్న ఎర్ర దీపం మాడిపోయింది. దాంతోపాటే ఎక్కువ నలుసులూ మాయమయ్యాయి. దీపం వెలుతురే వైరు సందులోంచి లోపలికి దూరుతోంది. యంత్రం ఆపానో లేదో మరిచిపోతున్నానని ఆ దీపం పెట్టుకున్నది తనే.

వ్యాసం వాపసు తీసుకున్నాడు.

బస్టాండులోనే ఈ సంగతి చెబితే, సన్మానం ఏర్పాటు చేసిన లెక్చరర్ వెంకటనారాయణ మొహం పాలిపోయింది. "నాలుగు బస్సుల పిల్లలొచ్చిన్రు సార్. ఈ ఒక్కపూట చెప్పకుండ్రి."

హాతీరాం సరేనన్నాడు. నిజానికి శాలువా మీద అతనికీ మనసుంది.

వేదిక మీద శాలువా కప్పారు. రెండు నిమిషాలు గంభీరంగానే మాట్లాడాడు. ముందు వరసలో అక్క మంగ్లి, అర్థం కాకపోయినా, ప్రతి మాటకూ తలాడిస్తోంది. అది చూసి అతను మాట మధ్యలో ఆగి, దీపం కథంతా చెప్పేశాడు.

కొత్తగూడెం నుంచి వచ్చిన సోని అనే ఇంటర్ అమ్మాయి లేచింది. "సార్, ఆ దీపం మాడకపోతే మీకు తెలిసేదేనా?"

"తెలిసేది కాదమ్మా. ఇయ్యాల్టికీ అది నా తెలివే అనుకుంటుండేటోణ్ణి."

హాలంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది అతనే. ఆ తర్వాత ప్రశ్నలు ఆగలేదు. దొంగ వెలుతురును ఎట్లా పట్టుకోవాలో బోర్డు మీద బొమ్మలు గీస్తూ రెండు గంటలు చెప్పాడు. శాలువా ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు.

బయట మంగ్లి అతని చెయ్యి పట్టుకుంది. "ఇరవై ఏండ్ల సంది నువ్వేం చేస్తవో నాకు తెల్వకపోయె. ఇయ్యాల తెలిసింది."

"ఏం తెలిసిందక్కా?"

"దీపం నువ్వే పెట్టి, వెలుతురు ఏడికెళ్లి వస్తుందని నువ్వే ఎతుకుతవు. గంతేగా?"

"గంతే అక్కా."

"జీతం ఇస్తరా దానికి?"

"ఇస్తరు."

"మంచోళ్లే," అంది మంగ్లి.

మరో రెండేళ్లు పట్టి కొలతలన్నీ మళ్లీ తీశాడు. పాత సూత్రం ఎక్కడా తప్పలేదు. ఆ బోర్డు మీది బొమ్మలను శుభ్రంగా గీసి నాలుగు పేజీలు అచ్చువేస్తే, ఎక్కడెక్కడి ప్రయోగశాలలవాళ్లో వాటిని చూసి తమ యంత్రాల సందులు మూసుకున్నారు. హాతీరాం పేరు నిలబెట్టిన పని అదే. మొదట అతనికి కొంచెం నామోషీగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.