బావగారి బుగ్గలు

శిల్పిగారి అక్క విమానం దిగి, తమ్ముడి ఇల్లంతా కలయతిరిగి, వంటగది చూసి పెదవి విరిచి, చివరికి పెరటివైపున్న పనిగదిలోకి వచ్చింది. వెనకాలే బావగారు కూడా వచ్చి, అక్కడున్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నారు. ఏ దేశం తీసుకెళ్ళినా ఆయన ముందు కుర్చీ వెతుక్కుంటారు. అది దొరికాక ఇక ఆ దేశంతో ఆయనకు పనిలేదు.

గది మధ్యన ఎత్తు పీట మీద ఒక మట్టితల తడిగుడ్డ కప్పుకుని ఉంది. ఆరితే బీటలు తీస్తుందని అలా కప్పి ఉంచుతారు. అక్క చెయ్యి ఊరుకునే రకం కాదు. గుడ్డ లాగేసింది.

"ఇదేంట్రా, మీ బావగార్ని చేశావు?"

"బావగారు కాదక్కా. ఈ ఊరి సంగీతం మేష్టారు. పోయినేడు పోయారు. ఆయన నడిపిన బడి ముందు పెడతారట."

"చాల్లే ఊరుకో. ఈయనతో కాపురం చేసేది నువ్వా నేనా? ఆ బుగ్గలు నాకు తెలీవూ?"

శిల్పి నవ్వబోయాడు. పీట మీది తలనూ కుర్చీలోని తలనూ మార్చి మార్చి చూశాడు. నిజమే, అవే బుగ్గలు.

అక్క అంతటితో ఊరుకుంటేగా! గోడ వెంబడి నడుస్తూ అక్కడున్న పాత బొమ్మల్ని ఒక్కొక్కదాన్నీ వేలు పెట్టి చూపించసాగింది. గుర్రం మీద సేనాధిపతి, "ఈయనే." పాలరాతి జలకన్య, "అయ్యో రాత, దీనికీ ఆయన గడ్డమేనా!" ఆఖరికి బుట్టెడు పళ్ళు వేసిన తైలవర్ణ చిత్రం ముందు ఆగి, "ఈ పండు చూడు. భోజనమయ్యాక అచ్చం ఇలాగే ఉంటారు" అంది.

తప్పు ఎక్కడ జరిగిందో శిల్పికి వెంటనే తెలిసింది. కుర్రతనంలో మట్టి పట్టుకున్న కొత్తలో, కదలకుండా కూర్చునే మనిషి ఇంట్లో ఒక్కరూ దొరికేవారు కాదు. అక్క పెళ్ళయింది, కొత్త అల్లుడుగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఈగ వాలినా ఆయన కదలలేదు. ముక్కంటే ఏమిటో, పెదవి ఎక్కడ తిరుగుతుందో, బుగ్గ కింద ఎముక ఎలా దాక్కుంటుందో శిల్పి వేళ్ళు ఆయన ముఖం మీదే నేర్చుకున్నాయి. ఇక్కడేమో సంగీతం మేష్టారు ఒక్క ఫొటోలోనూ నిలకడగా లేరు. అన్నింట్లోనూ తల అలికేసినట్టు కదిలిపోయింది. కనపడని చోటల్లా వేళ్ళు తమకు తెలిసిన ముఖాన్నే తెచ్చి పెట్టాయి.

"ఇప్పుడు కొంపేం మునిగిందోయ్?" అన్నారు బావగారు. ఆయనకు లోలోపల మహా ఆనందంగా ఉంది. "నేను వీధిలో నిలబడతానన్నమాట."

"నిలబడటం కూడానా! మెడవరకేగా చేశాడు" అంది అక్క.

కొంప మునిగే మాటే. ఈ దేశంలో శిల్పి జుట్టు నెరిసింది. అతని బొమ్మలు హోటళ్ళ వరండాల్లోకీ, డబ్బున్నవాళ్ళ మెట్ల మలుపుల్లోకీ వెళ్ళాయి తప్ప వీధిలోకి ఒక్కటీ రాలేదు. వీధిలో పెట్టే బొమ్మను ఎవరైనా తమవాడి చేతే చేయించుకుంటారు. ఈసారి అతన్ని అడిగారు. ఈ ఊరు తనను తమవాడనుకోవాలని ఎంత ఆశపడుతున్నాడో అతను ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని సిగ్గు. పోత పోయడానికి మూస తీసేవాళ్ళు రేపు పొద్దున్నే వస్తారు. ఇవాళ మేష్టారి భార్య వచ్చి చూసి సరేననాలి. కాదంటే పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

అతను చేతికి మట్టి తీసుకునేలోపే ఆమె రానే వచ్చింది. సన్నగా, నిటారుగా ఉన్న పెద్దావిడ. బొమ్మ చుట్టూ నిదానంగా తిరిగింది.

"చాలా బాగుంది" అంది అక్కడి భాషలో. "ఎవరిది?"

ఆవిడ చూపు కుర్చీ మీదికి వెళ్ళింది. బావగారు చొక్కా సర్దుకుని, చూసుకోమన్నట్టు గడ్డం ఎత్తారు. ఆవిడకు విషయం అర్థమై ఒక్కసారిగా నవ్వేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"మావారు ఇంత ప్రశాంతంగా ఎప్పుడున్నారని! పిల్లలెవరైనా తప్పు స్వరం వాయిస్తే ఇదిగో, ఇలా పెట్టేవారు ముఖం."

ఎడమ కనుబొమ్మ పైకెగిరింది, కింది పెదవి లోపలికి పోయింది, ముక్కు ముడుచుకుంది. అంతలోనే అదంతా కరిగి, పోనీలే అన్నట్టు ఓ మూల నవ్వు మొలిచింది. ఆవిడ ముఖంలో ఇంకో మనిషి వచ్చి పోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ముఖం ఆవిడకు అంటుకుపోయింది.

"కూర్చోండమ్మా, మళ్ళీ ఒక్కసారి!" అని బావగారి వైపు తిరిగాడు శిల్పి. "బావగారూ, లేవండి."

అక్క నోటిమీద చెయ్యి వేసుకుంది. పుట్టింటివాళ్ళు ఎవరూ ఆయన్ని ఆ మాట అని ఎరగరు. బావగారు లేచారు.

శిల్పి మట్టి కోసే తీగ అందుకుని కుడి బుగ్గకు ఆనించాడు. చెయ్యి ఆగిపోయింది. భాష రాని రోజుల్లో, పలకరించే దిక్కులేని గదుల్లో, తను వెలితి పడకుండా తోడున్నది ఈ ముఖమేనని అప్పుడు తెలిసింది. కోయబుద్ధి కాలేదు. ఏడుపొచ్చింది.

"కొయ్యవోయ్" అన్నారు బావగారు. "నొప్పి పుడితే చెప్తాలే."

కోశాడు. బుగ్గలు పోయాయి, గడ్డం పోయింది. ఆవిడ తప్పు స్వరాలు గుర్తు తెచ్చుకుంటూనే ఉంది, అతని వేళ్ళు మొదటిసారి తెలియని దారిలో తడుముకుంటూ వెళ్ళాయి. ఎంతసేపటికో వెనక్కి జరిగి, తప్పుకుని చోటిచ్చాడు.

ఆవిడ లేచి దగ్గరికొచ్చింది. ఉన్నట్టుండి చెయ్యి చాపి, నుదుటి మీది మట్టి జుట్టును వేళ్ళతో వెనక్కి దువ్వుతూ గబగబా ఏదో అనసాగింది. గొంతు హెచ్చింది. పని పాడవుతున్నా శిల్పి ఆపలేదు.

బావగారు అతని చెవి దగ్గరికి వంగారు. "ఏమంటోందోయ్ ఆవిడ?"

"తిడుతున్నారు బావగారూ. తల దువ్వుకోకుండా ఎక్కడ తిరుగుతున్నావు ఇన్నాళ్ళూ అని."

"అయితే ఆయనే" అన్నారు బావగారు.