మామగారి ఎడమ కన్ను

ఫోటోగ్రాఫర్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టే కోడలు, పని మానడానికి ససేమిరా అనే ఫోటోగ్రాఫర్ మామగారు ఒకే కప్పు కింద ఉంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో పగవాడికి కూడా చెప్పకూడదు. చెబితే వాడు సంతోషిస్తాడు.

ఆరు వారాల కిందటి వరకూ అంతా బాగానే ఉండేది. మామగారికి రైల్వే స్టేషన్ ఎదురుగా ఒక స్టూడియో ఉండేది. పొద్దున తొమ్మిదికి వెళితే మళ్లీ దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. అలాంటిది, రోడ్డు వెడల్పు చేస్తామని ఆ వరుస భవనాలన్నీ పడగొట్టేశారు. స్టూడియో పోయింది. మామగారు మాత్రం రెండు కెమెరాలు, నాలుగు లైటు స్టాండ్లు, ఒక గుండ్రటి తిరుగుడు స్టూలుతో సహా ఇంటికి వచ్చేశారు. వచ్చినవారు ఆ స్టూలును సరిగ్గా కోడలు పనిచేసుకునే బల్ల పక్కనే వేసుకున్నారు. ఎందుకంటే, ఇంటి మొత్తానికి మంచి వెలుతురు పడేది ఆ కిటికీ దగ్గరేనట.

ఇక చూసుకోండి. భోజనానికి కూర్చుంటే "గడ్డం కొంచెం కిందికి దించమ్మా" అంటారు. పార్సిల్ తెచ్చినతను సంతకం అడిగితే "భుజాలు సడలించు నాయనా, ఎందుకలా బిగదీసుకున్నావు" అంటారు. ఒకరోజు కోడలు వీడియో కాల్‌లో ఒక పెద్ద క్లయింటుతో మాట్లాడుతుంటే వెనకనుంచి తల దూర్చి, "బాబూ, మీ నెత్తి సగం తెగిపోయింది. పైగా వెనక లైటు పెట్టుకున్నారు, దెయ్యంలా ఉన్నారు" అని ఉచిత సలహా ఇచ్చారు. ఆ క్లయింటు మళ్లీ ఫోన్ చేయలేదు. కోడలి మొగుడు మహా తెలివైనవాడు, పొద్దున ఏడున్నరకే ఆఫీసుకు పారిపోతున్నాడు. అత్తగారు వంటగది దాటి రావడం లేదు.

అలాంటి సమయంలో దేవుడు పంపినట్టు ఒక ప్రకటన వచ్చింది. పక్క వీధిలోని పెద్ద ఆసుపత్రిలో పనిచేసే ఆరువందల నలభై మందికీ, పెద్ద డాక్టరు మొదలుకొని నేల తుడిచేవారి దాకా, ఒక్కొక్కరికీ ఫోటో తీసి పొడవాటి వరండాలో వేలాడదీస్తారట. ఎనిమిది నెలల పని. ఫోటోగ్రాఫర్లు తమ వెబ్‌సైట్ పంపాలి, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటితే చూడరు. కింద ఇంకో మాట కూడా ఉంది: సైటులో ఫోటోగ్రాఫర్ గురించి ఒక పేజీ, అందులో ఆయన ముఖం స్పష్టంగా కనిపించే ఫోటో తప్పనిసరి.

"ఇది రాకపోతే కెమెరాలు అటకెక్కించేస్తానమ్మాయ్. ఇక ఇంట్లోనే ఉంటాను, నీకు తోడుగా," అన్నారు మామగారు.

కోడలికి గుండె ఝల్లుమంది. నిజం చెప్పుకోవాలంటే అందులో ముప్పావు వంతు స్వార్థమే. కానీ మిగిలిన పావు వంతూ అబద్ధం కాదు. ఆరు వారాలుగా ఆయన లెన్సులు తుడవడమే తప్ప ఒక్క ఫోటో తీయలేదు. తుడిచి, మూత పెట్టి, మళ్లీ మూత తీసి తుడుస్తున్నారు. ఈ పని ఎలాగైనా ఆయనకే రావాలని ఒట్టు పెట్టుకుని సోమవారం పొద్దున్నే మొదలుపెట్టింది.

మొదటి పేజీలో పన్నెండు ఫోటోలు చాలని ఆమె అంది. ఆయన నాలుగు వేల ఫోటోలు తెచ్చి ముందు పెట్టారు.

"పన్నెండా? మిగతావాళ్లేం పాపం చేశారమ్మా? రేపు ఎవరైనా ఎదురుపడి నా ముఖం ఏమైందని అడిగితే నేనేం చెప్పను?"

బేరం సాగి సాగి, చివరికి పాత రీలుకు ఎన్ని ఫోటోలు వచ్చేవో అన్ని, అంటే ముప్ఫై ఆరు దగ్గర తెగింది. తర్వాత ఫోటోల చుట్టూ ఆమె వదిలిన తెల్లటి ఖాళీ మీద ఆయన కన్ను పడింది.

"ఇంత చోటు ఊరికే వదిలేశావేంటి? అక్కడ ఇంకో ఆరుగురు నిలబడతారు."

"ఖాళీ ఉంటేనే ఫోటో ఎత్తుగా కనబడుతుంది మామయ్యా."

"ఎత్తు కావాలంటే స్టూలు వేద్దాం."

ఆమె పళ్లు కొరుక్కుని, ఫోటోలు ఒకదాని వెనక ఒకటి మెల్లగా జరిగేలా చేసి చూపించింది. ఎక్కడైనా క్లయింట్లు మురిసిపోయే ముచ్చట అది. మామగారు నొచ్చుకున్నారు. "కదలకండి, కదలకండి అని ముప్ఫై నాలుగేళ్లు మొత్తుకుని తీసిన ఫోటోలమ్మా ఇవి. ఇప్పుడు నువ్వు కదిలిస్తున్నావా?" అన్నారు. అందులో న్యాయం ఉందని ఆమెకే అనిపించింది. కదలిక తీసేసింది. బుధవారం సాయంత్రానికి సైటు నిజంగానే చూడముచ్చటగా తయారైంది. ఇక మిగిలింది ఆయన ఫోటో ఒక్కటే, ఐదు నిమిషాల పని అనుకుంది, పిచ్చిది.

గురువారం పొద్దున ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి ఫోనుతో క్లిక్‌మనిపించింది. చూస్తే ఎడమ కన్ను మూసుకుని ఉంది. మళ్లీ తీసింది. మళ్లీ మూసుకుంది. ఇరవై మూడు తీస్తే ఇరవై మూడింటిలోనూ మామగారు వీధి చివర ఎవరికో కన్ను కొడుతున్నట్టే ఉన్నారు. అనుమానం వచ్చి ఆయన పాత గుర్తింపు కార్డు తీయించి చూసింది, అందులోనూ కన్ను కొట్టడమే. కొడుకు డిగ్రీ పుచ్చుకున్ననాటి ఫోటోలో కూడా, అంతమంది పెద్దమనుషుల మధ్య నిలబడి, నిక్షేపంగా కన్ను కొడుతున్నారు.

"మామయ్యా, ఒకసారి నన్ను ఫోటో తీస్తున్నట్టు కెమెరా పట్టుకోండి," అంది.

ఆయన పట్టుకున్నారు. కుడి కన్ను కెమెరాకు ఆనింది, ఎడమ కన్ను మూసుకుంది. అదీ సంగతి. లక్షలసార్లు క్లిక్ వినబడినప్పుడల్లా ఎడమ కన్ను మూసి మూసి, ఇప్పుడు కెమెరా ఇటున్నా అటున్నా ఆ కన్ను తన పని తాను చేసుకుపోతోంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందంటే ఇదే.

ఫోను శబ్దం ఆపేసి తీసింది. ఆయన ఆమె బొటనవేలు కదలడం చూసి మూశారు. పది సెకన్ల తర్వాత దానంతటదే తీసుకునేలా పెట్టింది. ఆయన మనసులో లెక్కపెట్టుకుని సరిగ్గా పదికి మూశారు. వీడియో తీసి అందులోంచి ఒక ముక్క తీసుకుందామంటే, వీడియో ఉన్నంతసేపూ "నీ చెయ్యి వణుకుతోంది, మోచేయి పక్కకి ఆనించు, లైటుకి అడ్డు తప్పుకో" అంటూ వేలు చూపిస్తూనే ఉన్నారు. ప్రతి ముక్కలోనూ ట్రాఫిక్ పోలీసులా కనబడ్డారు. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

మధ్యాహ్నానికి తెగించి కంప్యూటర్లో కన్ను తెరిపించాలని కూర్చుంది. ఆయన కుడి కన్నునే తిప్పి ఎడమవైపు అతికిస్తే, ఏదో నేరం చేసి దొరికిపోయినవాడిలా కనబడ్డారు. కొడుకు కన్ను అతికిస్తే వయసు కలవలేదు. చివరికి కంప్యూటర్లోనే ఉన్న అత్తగారి ఫోటో ఒకటి వెతికి ఆవిడ కన్ను అరువు తెచ్చుకుంది. అబ్బ, ఎంత చక్కగా అతికిందో! కళ్లజోడు కూడా పెట్టి ముస్తాబు చేస్తుంటే, వెనకనుంచి కాఫీ కప్పుతో అత్తగారు వచ్చారు.

"ఆయన ముఖంలో నా కన్నెందుకుంది?"

దొరికిపోయిన కోడలు ఉన్నదంతా చెప్పేసింది. చెప్పి ఊరుకోవచ్చు కదా. కాదు, తాను కనిపెట్టిన విషయం మీద తనకే ముచ్చటేసి, ఇంకా విడమరిచింది.

"అది వట్టి అలవాటు అత్తయ్యా. క్లిక్ వినబడితే చాలు, ఎదురుగా ఎవరున్నా సరే ఆ కన్ను దానంతటదే పడిపోతుంది."

"ఎప్పుడైనా అంతేనా?"

"ఎప్పుడైనా అంతే."

"మా పెళ్లినాడు కూడానా?"

అప్పుడు వెలిగింది కోడలికి. అత్తగారి గదిలో మంచానికి ఎదురుగా ఒక పెళ్లి ఫోటో ఉంటుంది. అందులో కుర్ర మామగారు తల కాస్త పెళ్లికూతురి వైపు తిప్పి, అంత జనంలో, అంత ధైర్యంగా, ఆమెకు కన్ను కొడుతూ ఉంటారు. రోజూ పొద్దున అత్తగారు ఆ ఫోటో తుడవందే కాఫీ ముట్టరు.

కనీసం మామగారైనా అబద్ధమాడొచ్చు. ఆయనకు ఆ తెలివి ఎక్కడిది? స్టూలు మీద నుంచే, "అప్పటికే మా గురువుగారి స్టూడియోలో మూడేళ్లు చేశాను కదే, అలవాటు పడిపోయింది," అని సాక్ష్యం కూడా ఇచ్చారు.

"ఆ ఒక్క కన్ను చూసుకుని ముప్ఫై ఒక్క ఏళ్లు మీ గురక భరించాను," అన్నారు అత్తగారు. కాఫీ కప్పు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

ఆ తర్వాత ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. శుక్రవారం పొద్దున టిఫిన్ దగ్గర మామగారు ఎవరి గడ్డం గురించీ ఏమీ అనలేదు. ఆరు వారాలుగా కోడలు కోరుకున్న నిశ్శబ్దం అదే, తీరా వచ్చాక ఒక్క పూట కూడా భరించలేకపోయింది. పదకొండయింది. ఫోటో లేదు, ఇంట్లో మాటలూ లేవు. అంతా తన నోటి దురద వల్లే. అత్తయ్య కన్ను పెట్టి పంపేద్దామా అనుకుంది కానీ చెయ్యి రాలేదు.

పదకొండున్నరకు తలుపు తెరుచుకుంది. అత్తగారు తిన్నగా వచ్చి పెద్ద కెమెరా చేతిలోకి తీసుకున్నారు. ఆ ఇంట్లో అలాంటిది ఎన్నడూ జరగలేదు. నీ వంటగదిలో నేను వేలు పెట్టను, నా కెమెరా మీద నువ్వు చెయ్యి వెయ్యకు అన్నది పెళ్లైన కొత్తలో ఆ ఇద్దరూ చేసుకున్న ఒప్పందం.

"అలా కూర్చోండి."

"అది బరువే. పట్టీ మెడలో వేసుకో. కింద చెయ్యి..."

"మాట్లాడకండి."

మామగారు కూర్చున్నారు. కాలరు ఒక పక్కకు మడత పడి ఉంది, సర్దుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. అత్తగారు కెమెరాను ఛాతీ దగ్గరే పట్టుకుని సూటిగా ఆయన్నే చూశారు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. కన్ను సంగతి వదిలేయండి. ఆ రోజు నా వైపు తల ఎందుకు తిప్పారు?"

మామగారు ఆలోచించారు. ఆలోచించేకొద్దీ ఆయన ముఖంలో ముప్ఫై నాలుగేళ్ల పెత్తనం జారిపోయి లోపలి మనిషి బయటికొచ్చాడు.

"భయమేసి," అన్నారు. "నువ్వు నాకు నచ్చావు. నీకు నేను నచ్చానో లేదో చూద్దామని తిప్పాను. ఈలోగా ఆ ఫోటోలు తీసేవాడు క్లిక్ కొట్టేశాడు. చూడటం అవలేదు. ఇప్పటికీ తెలీదు."

క్లిక్‌మంది. మామగారికి వినబడనే లేదు. ఆవిడ ఏమంటుందోనని ఇంకా ఆమె వంకే చూస్తున్నారు.

కోడలు పరుగున వచ్చి చూసింది. ఫోటోలో కాలరు వంకర, తల వెనకనుంచి లైటు స్టాండు కొమ్ములా మొలిచింది, నోరు కొంచెం తెరిచి ఉంది. కానీ రెండు కళ్లూ ఉన్నాయి. పెద్దవిగా, బెరుగ్గా, ఎదుటి మనిషిని వదలకుండా చూస్తున్న రెండు కళ్లు. అత్తగారు కెమెరా వెనక ఉన్న ఆ చిన్న తెర వైపు చాలాసేపు చూశారు. ముక్కు ఎగబీల్చి, "నచ్చకపోతే ఉంటానా, తెలివితక్కువ మనిషీ," అన్నారు.

"ఏదీ, చూడనీ," అని మామగారు లాక్కున్నారు. "ఫోకస్ చెవి మీద పడింది. ఇది పనికిరాదమ్మాయ్, ఆ స్టాండైనా కత్తిరించు..."

ఆయన మాట పూర్తయ్యేలోగా కోడలు ఫోటో ఎక్కించి సైటు పంపేసింది. అప్పటికి పన్నెండుకు ఎనిమిది నిమిషాలుంది.

తర్వాతి బుధవారం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కోడలే ఎత్తి స్పీకరు నొక్కింది. మాట్లాడింది పెద్ద నర్సమ్మ, ఎంపిక చేసే కమిటీకి ఆవిడే పెద్ద.

"మొత్తం ఇరవై రెండు సైట్లు చూశామండీ. ఫోటోలు అందరివీ బాగానే ఉన్నాయి. మా వాళ్లు రక్తం చూసి భయపడరు కానీ కెమెరా చూస్తే పారిపోతారు. మిగతా ఫోటోగ్రాఫర్లు తమ ఫోటోల్లో మహారాజుల్లా కూర్చున్నారు. మీరొక్కరే మా వాళ్లలా భయపడుతూ కనబడ్డారు. పని మీకే ఇద్దామనుకుంటున్నాం. ఇంతకీ ఆ ఫోటో ఎవరు తీశారు?"

మామగారు గొంతు సవరించుకున్నారు. "మా ఆవిడండీ. కానీ ఆవిడకు కెమెరా పట్టుకోవడం రాదు. చూశారుగా, ఫోకస్..."

"ఆవిడ కూడా వస్తేనే పని మీకండీ. భయపడేవాళ్లను కూర్చోబెట్టి అలా తీయగలిగిన మనిషి మాకు కావాలి."

తడి చేతులు తుడుచుకుంటూ వచ్చిన అత్తగారు ఫోన్ అందుకున్నారు. "సోమవారం ఎన్నింటికి రమ్మంటారు?"

ఎనిమిదింటికి రమ్మంది నర్సమ్మ. ఫోన్ పెట్టేశాక మామగారు తన కెమెరా వంకా, పెళ్లాం వంకా మార్చి మార్చి చూశారు.

"మరి నేనేం చెయ్యాలి?"

"నా పక్కన నిలబడండి," అన్నారు అత్తగారు. "ఎవరైనా మరీ భయపడితే మీ ముఖం చూపిస్తాను."