చింతపండు జాడీలో గంట

దిగువ అహోబిలం సన్నిధి వీధిలో పొద్దుటి పనులన్నీ కమలాక్షమ్మ కళ్లు మూసుకోవడాన్ని బట్టి నడిచేవి. ఆమె స్నానం చేసి, దేవుడి గూటి ముందు దీపం వెలిగించి, పీట మీద కూర్చుని కళ్లు మూసుకుందంటే, ఆమె పూజగంట చప్పుడు వినపడేంత మేరలో ఊపిరున్న ప్రాణులన్నీ ఆమె ఊపిరే పీల్చేవి. ఆమె లోపలికి తీస్తే తీయడం, ఆమె వదిలితే వదలడం. మనుషులే అనుకునేరు, బర్రెలు, కుక్కలు, చూరులో పిచ్చుకలు, గోడ మీది బల్లి దాకా అంతే.

దాన్ని వింతని ఎవరూ అనుకోలేదు. ఎవరి వీలును బట్టి వాళ్లు వాడుకునేవాళ్లు. పాలు పితికేవాళ్లు ఆ వేళకే చెంబులు పట్టుకుని కూర్చునేవాళ్లు, బర్రెలు అప్పుడే నెమ్మదిగా చేపుతాయి గనుక. గుక్కపట్టి ఏడ్చే పిల్లల్ని తల్లులు అప్పుడే ఉయ్యాల్లో వేసేవాళ్లు. మంగలి మాత్రం కత్తి పక్కన పెట్టేవాడు. తన చెయ్యీ, గడ్డం ఇచ్చినవాడి గొంతూ ఒకేసారి లేస్తే ఏం కొంప మునుగుతుందోనని. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఎర్రబస్సు డ్రైవరు ఇంజను ఆపి, స్టీరింగు మీద తల వాల్చేవాడు. ఆఖరున ఆమె గూట్లోని ఇత్తడి గంట ఆడించి పాలు ఆరగింపు పెట్టేది. ఆ చప్పుడుతో ఎవరి ఊపిరి వాళ్లకు వచ్చేసేది. కుక్కలు మొరగడానికి లేచేవి, మంగలి కత్తి నూరేవాడు.

కొత్తగా కాపురానికొచ్చిన పక్కింటి కోడలు ఒకసారి అడిగింది, ఇదెట్లా అవ్వా అని.

"నాదని ఒక ఊపిరి యాడుందే? అందరిలో ఆడేది ఆ సామి ఊపిరే గదా. నడుమ నేను అనే తడిక ఒకటి అడ్డం ఉండాది. కండ్లు మూసుకుని దాన్ని పక్కకు జరుపుతా. మళ్ల గంట కొట్టి మూసేస్తా. తడిక తెరిచి పెడితే కుక్కలు దూరవా?" అంది కమలాక్షమ్మ, బియ్యంలో రాళ్లేరుకుంటూనే.

వీధి వీధంతటికీ ఈ ఊపిరంటే భయపడింది ఒక్కడే. ఆమె కొడుకు రామానుజం. గుడి వంటశాలలో పులిహోర, దద్దోజనం వండే మనిషి. గంగాళమంత పులిహోరలో ఉప్పు ఎక్కువైందేమోనని కూడా భయపడే రకం. దేవుడికి వండేదాన్ని రుచి చూడకూడదు మరి, ఏం చేస్తాడు.

తల్లికి ఉబ్బసం వచ్చాక ఆ భయం ముదిరింది. పందొమ్మిదివందల డెబ్బై తొమ్మిదో సంవత్సరం చలికాలంలో ఒకనాడు పూజ నడుమ ఆమెకు దగ్గు తెర వచ్చింది. వీధంతా దగ్గింది. పిచ్చుకలు చూరులోంచి టపటపా రాలాయి. ఆమెకు ఊపిరందక గుడ్లు తేలేసే సమయానికి వీధిలో అందరూ గోడలు పట్టుకుని నిలబడ్డారు. ఎట్లాగో గంట మోగింది. అందరూ తేరుకున్నారు, పిచ్చుకలూ ఎగిరాయి. ఎదురింటి కొట్టంలో పుట్టి రెండు పూటలైనా కాని లేగదూడ మాత్రం లేవలేదు.

వీధివాళ్లు దూడను పూడ్చిపెట్టి, అవ్వకు మిరియాల కషాయం పంపారు. అంతటితో సరి. రామానుజానికి మాత్రం ముద్ద దిగలేదు. అమ్మ కళ్లు మూసుకున్నప్పుడే ప్రాణం పోతే? గంట కొట్టేదెవరు? పైగా తల్లిలేని కూతురు వకుళమాల తొలికాన్పుకని ఇంట్లోనే ఉంది. నెలలు నిండాయి. పెద్ద ఊపిరి ఆగితే ఆ లోపలి చిన్న ప్రాణం సంగతేమిటి?

"అమ్మా, పురుడయ్యేదాకా పూజ మానుకోరాదా?" అన్నాడు.

"అన్నం మానుకోమంటావా? ఏందిరా నీ భయం?"

"నీకు ఆయాసం."

"ఆయాసం ఈ ఒంటికిరా, నాకు గాదు."

"ఈ ఒంటి ఆయాసానికే దూడ పాయె గదమ్మా."

"ఆ పొద్దు చచ్చింది దూడ అనుకుంటాండావా?" అంది కమలాక్షమ్మ. "నేనేరా చచ్చింది. నీకే కనపడల్యా."

ఈ మాటతో రామానుజం ఇంకా హడలిపోయాడు. బాగా ఆలోచించి ఒక పని చేశాడు. గుడిలో పద్ధతి ఏమిటంటే, గంట కనపడకపోతే ఆరగింపు జరగదు. గంట దొరికేదాకా దేవుడైనా ఆకలితో కూర్చోవలసిందే. జీవితమంతా ఆ పద్ధతిలో బతికినవాడు కాబట్టి ఇంట్లోనూ అంతే అనుకున్నాడు. గంట లేకపోతే అమ్మ పూజకే కూర్చోదని తీర్మానించుకుని, గూట్లోని గంట పంచెలో చుట్టి పట్టుకుపోయి, వంటశాలలో చింతపండు జాడీ అడుగున కుక్కేశాడు.

మర్నాడు పొద్దున కమలాక్షమ్మ గూడంతా తడిమి చూసింది. "గంటేదిరా?"

"నాకేం తెలుసమ్మా. ఎలుక ఎత్తకపోయిందేమో."

"ఎత్తకపోయి ఎవురికి ఆరగింపు పెడతాదంట?" అంది ఆమె. కొడుకు మొహం వైపు చూసి లోపలికి పోయింది. రామానుజం తేలిక పడ్డ మనసుతో గుడికి పోయాడు.

పులిహోర కలుపుతుండగా తెలిసింది, తను పీల్చే ఊపిరి తనది కాదని. చేతిలో తెడ్డు ఆగిపోయింది. సరే, కాసేపే కదా అనుకున్నాడు. కాసేపు గడిచింది. ఇంకా గడిచింది. గంట మోగదు. ఎట్లా మోగుతుంది, చింతపండు కింద ఉంటే? గాలిగోపురం మీది చిలకలు చప్పుడు లేకుండా ఒక్క తీరున రొమ్ములు ఎగరేస్తున్నాయి. ఆ ఊపిరి చివర సన్నని పిల్లికూత మొదలైంది. అది అమ్మ ఉబ్బసం. తన గొంతులో వినపడింది.

జాడీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గంట లాగి, తొట్టిలో ముంచి కడిగి, ఇంటికి పరిగెత్తాడు. చింతపండులో ఒక రాత్రి నానిన ఇత్తడి ఎండలో భగ్గుమని మెరిసింది. వీధిలో మంగలి నేల మీద చతికిలబడి ఉన్నాడు. అరుగుల మీద మనుషులు నోళ్లు తెరుచుకుని, చూపులతోనే "బేగా పో సామీ" అంటున్నారు.

ఇంట్లో కమలాక్షమ్మ పీట మీద కదలకుండా ఉంది. వకుళమాల ఆమె పక్కన నేల మీద కూర్చుని, గోడకు ఆనుకుని నొప్పులు పడుతోంది. రామానుజం గంట ఎత్తాడు.

"నాయనా, కొట్టొద్దు," అంది వకుళమాల.

"ఏందమ్మా నువ్వనేది?"

"నిన్నట్నుంచి లోపల బిడ్డ కదల్లేదు. నీకు చెప్తే నువ్వు ముందే చస్తావని అవ్వకు చెప్పినా. పొద్దున అవ్వ కండ్లు మూసుకున్యాక కదిలింది. అవ్వ ఊపిరితోనే ఆడతాంది. గంట లేకపోవడమే మంచిదయ్యిందని చెప్పే కూర్చునింది." పిల్ల మాటమాటకీ ఆగి, అవ్వ ఊపిరి వచ్చేదాకా కనిపెట్టుకుని మాట్లాడుతోంది.

రామానుజం గంట నాలుకను గబుక్కున రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

నంద్యాల ఆసుపత్రికి పోవడానికి, యాత్రికులను తిప్పే దావీదు జీపు గుడి ముందే ఉంది. వెనక సీట్లో కమలాక్షమ్మను పీటతో సహా ఎత్తి కూర్చోబెట్టి, పక్కన వకుళమాలను పడుకోబెట్టారు. రామానుజం ముందు సీట్లో గంట ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోడ్డు సంగతి తెలిసిందే, గుంతల మధ్య అక్కడక్కడా రోడ్డు. ప్రతి గుంతకీ గంట ఎగరడం, ఆయన వేళ్లు నాలుకను నొక్కడం. వేళ్లు తెల్లబడిపోయాయి.

"సామీ, నేనూ అవ్వ ఊపిరే పీలుస్తాండా," అన్నాడు దావీదు. "ఆమెకేమన్నా అయితే ఈ స్టీరింగు పట్టేదెవరు?"

"నువ్వు నడుపు దావీదూ."

"నడుపుతానే ఉండా గదా. భయం చెప్పుకునేది గూడా తప్పేనా? ప్రభువును కూడా తల్చుకుంటాండా, నీకేం అభ్యంతరం లేదు గదా?"

"తల్చుకో అప్పా, గట్టిగా తల్చుకో."

జీపు పోతుంటే దారి పొడుగునా జొన్న చేలల్లో కొంగలు, గొర్రెల మంద, గొర్రెల కాపరి, అంతా ఆ పిల్లికూత ఊపిరిలోకి వచ్చి, జీపు దాటిపోగానే ఎవరిది వాళ్లకు దక్కి మళ్లీ కదిలారు. ఆళ్లగడ్డ బస్టాండులో టీ బంకు దగ్గర ఇద్దరు ఒకరి గల్లా ఒకరు పట్టుకుని ఉన్నారు. జీపు వాళ్ల పక్కగా పోయినంతసేపూ ఇద్దరి రొమ్ములూ ఒకేసారి లేచి, ఒకేసారి దిగాయి. తర్వాత వాళ్లు ఏం చేశారో చూడ్డానికి రామానుజానికి తీరిక లేదు.

నంద్యాల చేరేసరికి పొద్దు వాలింది. ఆసుపత్రి వరండాలోకి రాగానే దెబోరా అనే నర్సమ్మ వకుళమాల చెయ్యి పట్టుకుంది. ముసలామెను పీట మీద చూసి, "ఈయమ్మను ఎందుకు తెచ్చినారు?" అంది.

"ఊపిరి ఈమెదమ్మా," అన్నాడు రామానుజం.

దెబోరా ఒక ఊపిరి పీల్చింది. ఇంకొకటి పీల్చింది. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. "ఆయాసం చానా ఉండాదే," అంది. "సరే, కాన్పు గది కిటికీ కింద బల్ల ఉంది, ఆడ కూర్చోబెట్టు. దూరం తీసకపోవద్దు."

కిటికీ కింద రామానుజం తల్లిని పట్టుకుని కూర్చున్నాడు. లోపల నుంచి దెబోరా మాటలు, ఊపిరికి ఊపిరికీ నడుమ ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "అదీ. ఇంగొక్కసారి. తల కనపడతాంది తల్లీ." కమలాక్షమ్మ ఊపిరి దారమంతయింది. వరండాలో ఉన్న వాళ్లందరిదీ అంతే. టిఫిను డబ్బా పట్టుకున్న ముసలాయన, చంకలో పిల్ల ఉన్న తల్లి, పిట్టగోడ మీద కాకి, అందరూ దారం చివర పట్టుకుని వేలాడుతున్నట్టున్నారు.

"ఆడబిడ్డ," అంది లోపల దెబోరా. ఆ తర్వాత, "ఏడ్చదే. నీలంగా ఉండాదే."

అదే క్షణాన కమలాక్షమ్మ ఊపిరి వదిలింది. మళ్లీ తీసుకోలేదు.

వరండా అంతా ఆగిపోయింది. రామానుజం రొమ్ము ఖాళీ కుండయింది. ఇన్నాళ్లూ ఆయన భయపడింది ఇదే, ఇదిగో వచ్చింది. రెండు వేళ్లు వదిలితే గంట మోగుతుంది, ఇంతమందికీ ఎవరి ఊపిరి వాళ్లకు వస్తుంది. అమ్మకు మాత్రం రాదు. తనదంటూ ఒక ఊపిరి ఇంకా లేని ఆ బిడ్డకూ రాదు. వదలకపోతే అందరూ పోతారు. చుట్టూ చూశాడు. ముసలాయన కళ్లలో, చంకలో పిల్ల కళ్లలో, తల పక్కకు వాల్చిన కాకి కంట్లో ఒకటే భయం. అది అచ్చం తన భయమే. పుట్టినప్పటి నుంచి ఒంటరిగా మోస్తున్నాననుకున్నది కాకి దగ్గర కూడా ఉంది. ఇందులో తనది ఎంతో, వాళ్లది ఎంతో విడదీద్దామంటే ఆయనకు చేతకాలేదు. తడిక ఎక్కడుందా అని వెతికితే, లేదు.

అప్పుడు రామానుజం, జీవితంలో మొదటిసారి, తల్లి మూసుకున్నట్టు కళ్లు మూసుకున్నాడు. మూసుకుని, ఖాళీ రొమ్ముతో గాలి లోపలికి లాగాడు.

టిఫిను ముసలాయన లాగాడు. కాకి లాగింది. బయట జీపు మీద తల వాల్చిన దావీదు లాగాడు. ఒళ్లో ఉన్న కమలాక్షమ్మ రొమ్ము లేచింది. కిటికీ లోపల అంతవరకూ గాలి రుచి తెలియని చిన్న నోరు కూడా లాగి, ఆ గాలిని ఏడుపుగా వదిలింది. వరండా మొత్తం ఆ ఏడుపంత పొడుగున ఊపిరి వదిలింది.

"ఏడ్చింది సామీ, ఏడ్చింది," అంది దెబోరా కిటికీలోంచి.

రామానుజం వేళ్లు వదిలాడు. గంట మోగింది. ఎవరి ఊపిరి వాళ్లకు వచ్చింది. బిడ్డకూ తనది వచ్చింది. కమలాక్షమ్మ కళ్లు తెరిచి, కొడుకు చేతిలో మెరిసిపోతున్న గంట చూసి, ముక్కు ఎగబీల్చింది.

"చింతపండు వాసన వస్తాందేందిరా," అంది.

ఆ ఏటి నుంచి సన్నిధి వీధి ఊపిరి రామానుజానిది. పొద్దున్నే వంటశాలకు పోయే ముందు గూటి ముందు కూర్చుని కళ్లు మూసుకుంటాడు. బర్రెలు చేపుతాయి, డ్రైవరు ఇంజను ఆపుతాడు. భయం పోయిందా అంటే, పోలేదు. చల్లటి నీళ్లు ముట్టడు, తల తడవనివ్వడు. తనకు జలుబు చేస్తే కొట్టంలో దూడలకు చేస్తుందని దడ. కొత్త దూడ పుట్టిందని తెలిస్తే ముందు ఆ కొట్టంలోకి పోయి, దాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుని వచ్చి, అప్పుడు కూర్చుంటాడు.

కమలాక్షమ్మ మనవరాలి బిడ్డను ఒళ్లో వేసుకుని ఆయన వెనక కూర్చుంటుంది. గంట మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది. కొడుకు చేతికి ఇవ్వదు, మళ్లీ ఏ జాడీలో దాస్తాడోనని.