గోడకు ఏం పూయాలి

ఆ రోజుల్లో పొద్దున్నే లేవగానే నా మొదటి పని మంచం కింద ఎర్రపొడి ఊడ్చడం. మా పడకగదికి ఉత్తరం గోడ ఒట్టి ఇటుకలది. కట్టి ఆరేళ్లయినా దానికి పూత లేదు. రాత్రంతా పొడి రాలుతూనే ఉండేది, దిండు మీద, దుప్పటి మీద, నా జుట్టులో. మా ఆయన గోడవైపు పడుకునేవాడు కాదు. "నాకు దగ్గొస్తాది" అని గోడ కట్టిన కొత్తలోనే ఇవతలి పక్కకు జరిగాడు. నాకొస్తుందో లేదో ఎవరూ అడగలేదు కాబట్టి నాకు రాదనే లెక్క.

అది ఎందుకు రాలుతుందో నాకు తెలుసు. మైపాడు సముద్రం మాకు కూతవేటు దూరం. ఇంటి బావిలో నీళ్లు ఉప్పన. ఇటుకలు నానబెట్టిన రోజే "కాలవ నీళ్లు తెప్పిస్తే మంచిదేమో అత్తా" అన్నాను. మా అత్త రాఘవమ్మ పడీ పడీ నవ్వింది. "ఇటికలేమన్నా తాగతాయా మే? మోసేదెవురు, మీ పుట్టింటోళ్లా?" బావి నీళ్లలోనే నానబెట్టారు. ఆ ఉప్పే తెల్లగా పొంగి ఇటుకను కొరుక్కు తింటూ వచ్చింది.

పంతొమ్మిదివందల అరవై రెండులో, కోతలయ్యాక, అన్నం తింటూ తింటూ మా ఆయన చెంచురామయ్య అన్నాడు: "ఆ గోడకి ఏదో ఒకటి పూయిద్దాం. ఏం పూయాల్నో నువ్వే చెప్పు. గదిలో ఎక్కువ ఉండేది నువ్వే గదా."

ఇంకో గరిటె పప్పు వడ్డించాను. పదకొండేళ్ల కాపురంలో పొద్దుటికి ఏ కూరో కూడా ఆయన చెబితే వండినదాన్ని. నువ్వే చెప్పు అన్నాడు! అంత చిన్న మాటకు అంత సంతోషపడ్డానని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగు రోజులు ఆ గోడతోనే బతికాను. పొయ్యి వెనక గోడకు ఏటా మట్టిలో ఊకా పేడా కలిపి నేనే మెత్తుతాను. ఉప్పు అందులోంచి మెల్లగా బయటికొస్తుంది, కాస్త రాలుతుంది, మళ్లీ మెత్తితే సరి. గొడ్ల తొట్టికి సిమెంటు పూయిస్తే రెండేళ్లకే పెచ్చులూడింది. ఆ తొట్టి కడిగేదీ నేనే, కాబట్టి నాకు తెలుసు. అందుకని మట్టిపూత, పైన గుల్లసున్నం. తలవైపు ఒక చిన్న గూడు. అందులో ఏం పెట్టుకుంటానా అనుకుంటే నాకే నవ్వొచ్చింది. నాదంటూ పెట్టుకోవడానికి ఏముంది? అయినా గూడు కావాలనిపించింది. గోడ కొలవడానికొచ్చిన మేస్త్రి క్రీస్తుదాసుకు మజ్జిగ ఇస్తూ ఇదంతా చెప్పాను.

"సరిగ్గా చెప్పినావమ్మా" అన్నాడు. "ఈ ఉప్పుకి మట్టే మందు. అయ్యకి ఒక మాట చెప్పు, రేపే మొదులుపెడతా."

ఆ సాయంత్రం మాట ఎలా ఎత్తాలా అని నాలుగైదు రకాలుగా అనుకున్నాను. "మీకిష్టమైతే" అంటే మాట తేలిపోతుంది. "నాకైతే" అంటే అత్తకు వినబడుతుంది. ఏదో ఒకటి అనేద్దామని వాకిట్లోకి వస్తే బండి ఆగి ఉంది. సిమెంటు బస్తాలు దిగుతున్నాయి.

"పర్మిట్టు దొరికింది మే!" అన్నాడు మా ఆయన. సిమెంటు పర్మిట్టు దొరికిందంటే ఊళ్లో ఆ మనిషి మాటకు విలువున్నట్టే. ఆయన మొహం చంటిపిల్లాడి మొహంలా ఉంది.

"నన్ను చెప్పమన్నారు గదా" అన్నాను.

"చెప్పు మరి, ఎవురొద్దన్నారు? నువ్వు మాత్రం సిమెంటు గాక ఇంకేం చెప్తావు?"

"గూడన్నా పెట్టించండి."

"దేనికి? ఏం పెడతావు అందులో?"

బస్తాలు దింపిస్తున్న క్రీస్తుదాసు అటు తిరిగాడు.

గోడ నున్నగా తయారైంది. చూడవచ్చిన వాళ్లతో "అంతా ఆడోళ్ల ఇష్టం, నాదేముంది" అంటూ మా ఆయన మురిసిపోయాడు. మొదట్లో ఆ మాటకు నేనూ నవ్వాను, అదే నా తప్పు. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ ఉబ్బింది. ఒక తెల్లవారుజామున అరచేతి మందం పెచ్చు ఊడి నా భుజం మీద పడింది.

మా ఆయన మేస్త్రిని పిలిపించాడు. పక్కింటివాళ్లు కూడా వచ్చి చూశారు. "నేను వద్దనే అన్నా" అని వాళ్లతో చెప్పాడు. "ఆడదాని మాట ఇని సిమెంటేయించినా. అనుభవించాల్సిందే." అత్త వెంటనే "దాని మొండితనం అంతే, చెప్తే ఇనదు" అంది. కాఫీ గ్లాసులు పట్టుకుని నేనక్కడే నిలబడి ఉన్నాను. నిజం తెలిసినవాడు క్రీస్తుదాసు ఒక్కడే. గ్లాసు అందుకుని నేల చూశాడు. అతనికి మాత్రం పని వద్దా? ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికొచ్చాను.

మర్నాడు భుజం లేవలేదు. మా పెంచలమ్మ చీపురు పట్టింది. దానికి తొమ్మిదేళ్లు. కాసేపు ఊడ్చి తలెత్తి గోడను చూసింది.

"అమ్మా, దీనికి ఏం పూస్తే రాలకుండా ఉంటాది?"

అడిగి, చీపురు ఆపి, నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నా జవాబు కోసం అంతసేపు ఆగినవాళ్లు ఆ ఇంట్లో అంతవరకూ లేరు. మట్టి, ఊక, పేడ, గుల్లసున్నం, తలవైపు గూడు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి.

"మీ నాయన్ని అడుగు" అన్నాను.

అది సరేనని తలూపి, అచ్చం నేను ఊడ్చినట్టే మంచంకోళ్ల చుట్టూ ఊడవసాగింది.