ఛాయ ముట్టుకోనివ్వని మేపుల్

మార్చి తొమ్మిది, ఆదివారం. పొద్దున అందరం మినపరొట్టె తిన్నాం, మా తోపులో మేపుల్ రసం కాచి తీసిన పాకంలో ముంచుకుని. ట్రాయ్ నుంచి నీరజ్ వచ్చాడు. నేను రిటైరైన ఆఫీస్‌లోనే పని చేస్తాడు. నల్గొండ నుంచి అమెరికా చూడ్డానికి వచ్చిన వాళ్ల నాన్న అంజయ్యనూ వెంట తెచ్చాడు. ఊళ్లో జీవితమంతా కల్లు కోసం తాటిచెట్లు గీసిన మనిషి.

అంజయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు నీరజ్‌కి చెప్పాను, షెడ్డు పక్క సన్న మేపుల్ జోలికి పోవద్దని. అది నా భార్య ఛాయ ఎంచిన చెట్టు. చెట్ల పెంపకం క్లాసులకు ఇద్దరం వెళ్లొచ్చాక, దానికి ఎండ తగలాలని చుట్టూ ఉన్నవి కొట్టించింది. మాను పది అంగుళాల లావయ్యేదాకా రంధ్రం వేసి గొట్టం బిగించొద్దంది. ఆమె పోయి రెండేళ్లు. మాను ఇంకా ఎనిమిదే.

తిన్నాక నేను బయటికెళ్లి పాకానికి వడపోత గుడ్డ కొనుక్కుని వచ్చేసరికి, ఆ చెట్టు బెరడు జానెడు వెడల్పున చెక్కి ఉంది. కింద బొక్కెన. అంజయ్య చేతిలో నా ఉలి.

"ఏం చేశారండీ!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"తక్కిన చెట్లు ఆగినయి సారూ. తాడైతే పూటపూటకు కొత్తగ గీస్తెనే పారుతది. ఇది లేతది, మస్తు పారుతదనుకున్న."

రాత్రి గడ్డకట్టే చలి లేకపోతే మేపుల్ ఎంత గీసినా పారదు. ఆయనకెలా తెలుస్తుంది?

నీరజ్ ఫోన్ ఊపుతూ నవ్వాడు. "చిల్ అంకుల్! మీకు ఇన్ని చెట్లున్నాయి. నాన్న స్టైల్ వీడియో తీశా, చూడండి."

"వీడియో తీస్తూ నిలబడ్డావా? పొద్దున నీకేం చెప్పాను?"

"అబ్బా, మర్చిపోయా..."

"రొట్టె ఇంకోటి అడగడం మర్చిపోలేదుగా!"

అంజయ్య ఉలి దించాడు. "ఏం జెప్పిండ్రు సారూ?"

చెప్పాను. ఆయన కొడుకు వైపు తిరిగాడు. "పోయిన అమ్మగారి చెట్టని ఒక్క మాట చెప్పకపోతివి. నా చేతులతోటి కోయిస్తివి గదరా."

నీరజ్ నవ్వు ఆగింది. నా కోపం ఆగలేదు. బొక్కెనలన్నీ కడగమని వాణ్ని పంపేశాను.

గాయం మాను చుట్టూ తిరగలేదు, వెనక బెరడు మిగిలింది. చుట్టూ పోతే చెట్టు చచ్చేదే. ఆ మాత్రం దయ. అంచులు చిరుగులు లేకుండా ఉంటే బెరడు కలుస్తుందని క్లాసులో చెప్పారు. నేను చూపించినంత మేర అంజయ్యే నున్నగా చెక్కాడు.

"బతుకుతదా?"

"మే నెలలో ఆకు వేస్తే తెలుస్తుంది."

"నేను ఏప్రిల్‌ల ఊరికి పోత. ఫోన్ జెయ్యుండ్రి."

"మీకే చేస్తాను. వాడికి చెయ్యను."

చీకటి పడ్డాక నీరజ్ కారు స్టార్ట్ చేసి లోపలే కూర్చున్నాడు. అంజయ్య ఉలి తుడిచి గూట్లో పెట్టి, షెడ్డు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.